జాడీ, ఎముక, సూక్ష్మక్రిమి

మన ఇళ్లలో పింగాణీకి పెద్దపీట వేసేది ఆవకాయ రోజుల్లోనే. వేసవి వచ్చిందంటే అటకమీది జాడీలు కిందికి దిగుతాయి. వాటిని కడిగి, ఎండబెట్టి, పొడిగుడ్డతో తుడిచి గాని మన అమ్మమ్మలు ముక్కలు కలపరు. ఇత్తడి గిన్నెలో పెడితే చిలుమెక్కుతుంది. మట్టికుండలో పెడితే నూనె పీల్చుకుంటుంది. జాడీలో పెడితే ఏడాది గడిచినా ఉప్పూ పులుపూ జాడీని ఏమీ చేయవు, జాడీ ఊరగాయను ఏమీ చేయదు. అయినా ఎవరైనా తడిచెయ్యి పెట్టినారో, వారం తిరక్కుండా బూజు పడుతుంది. తప్పు జాడీది కాదు, చేతిది.

ఈ ముచ్చట ఎందుకు ఎత్తుకున్నామంటే, పింగాణీ ఇప్పుడు వంటింట్లోంచి ఒంట్లోకి వచ్చింది. పంటి తొడుగులో వున్నది, తుంటికీలులో వున్నది, ఎముకలోని గుంట పూడ్చే పొడిలో వున్నది. రాయగడనుంచో, కోరాపుట్ నుంచో, జయపురంనుంచో తుంటి దెబ్బతిన్న పెద్దవారిని వెంటబెట్టుకొని విశాఖపట్నం రైలెక్కడం మనకు కొత్త కాదు. 1936లో ఒడిషా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతమంతా విశాఖపట్నం జిల్లాలోనిదే. హద్దులు మారినా, పెద్దాస్పత్రి అనగానే మనవారికి మొదట మనసులో మెదిలేది ఆ వూరే. అక్కడ డాక్టరు గారు, “బంతి లోహంతో చేసినది వేయమంటారా, సిరామిక్‌తో చేసినది వేయమంటారా?” అని అడిగితే, వెంట వెళ్లినవారు ఒకరి మొహం ఒకరు చూసుకోవలసి వస్తున్నది. సిరామిక్ అంటే పింగాణీయే గదా, అది పగిలిపోదా, ఎముకలో పెడితే ఒళ్లు ఒప్పుకుంటుందా, చీము పట్టదా? ఈ ప్రశ్నలకు జవాబులు మాకు తెలిసినంతమేరకు చెప్పాలని ఈ వ్యాసం.

ఎముక రాయి కాదు

మొదట ఎముక సంగతి. ఎండిపోయిన ఎముకను చూసి అది రాయివంటిదని అనుకుంటాము. బతికివున్న ఎముక నిత్యం మరమ్మతులు జరిగే ఇల్లు. దాని బరువులో సుమారు మూడింట రెండు వంతులు ఖనిజం. హైడ్రాక్సీఅపటైట్ అని దానికి పేరు. కాల్షియమూ భాస్వరమూ కలిసిన గట్టి పదార్థమది. మిగిలినది కొల్లాజెన్ అనే పీచూ, నీరూను. గోడకు పీచు కలిపిన సున్నం వంటి కట్టడమనుకోండి.

ఈ ఇంట్లో రెండు రకాల పనివారు ముఖ్యులు. ఆస్టియోబ్లాస్టులనేవి కట్టే కణాలు. ఆస్టియోక్లాస్టులనేవి కరిగించే కణాలు. పాతబడిన చోటును రెండో రకం తవ్విపోస్తే, మొదటి రకం వచ్చి కొత్తగా కట్టుతుంది. పెద్దవారిలో ఏడాదికి సుమారు పదోవంతు ఎముక ఇలా కొత్తదవుతుందని శాస్త్రజ్ఞుల లెక్క. తవ్వకమూ కట్టుబడీ సరితూగినంతకాలం చిక్కులేదు. తవ్వేవారు ఎక్కువై కట్టేవారు తగ్గినారా, ఎముక గుల్లబారుతుంది. బయటినుంచి తెచ్చి ఎముకలో పెట్టే ఏ వస్తువైనా ఈ ఇద్దరు పనివారితో నెగ్గుకు రావాలి.

మన కొండల తెల్లపొడి

సిరామిక్ అన్నమాట విని ఎక్కడో దూరదేశపు వస్తువనుకోనక్కరలేదు. తుంటికీలులో మొదట పేరు తెచ్చుకున్న పింగాణీ అల్యూమినా. ఆ మాట కోరాపుట్‌లో చిన్నపిల్లలకు కూడా తెలుసును. ఈ కొండల రాయికి 1902లో వాకర్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు ఖోండుల పేరుమీదనే ఖోండలైట్ అని పేరు పెట్టినాడు. ఆ రాయి యుగాల తరబడి ఎండకు ఎండి వానకు నాని, కరిగేవన్నీ కరిగిపోగా కొండ నెత్తిన మిగిలినదే బాక్సైటు. పంచపట్‌మాలి, బాఫ్లీమాలి అన్న పేర్లలో మాలి అంటే కొండ. 1981లో ఏర్పడిన నాల్కో సంస్థ 1985లో పంచపట్‌మాలిమీద తవ్వకం మొదలుపెట్టింది. కింద దమన్‌జోడిలో ఆ ఎర్రమన్నును కాస్టిక్ సోడాలో వుడికించి, మడ్డి తీసేసి, తేరినదాన్ని కాల్చి, తెల్లటి అల్యూమినా పొడిగా తీస్తారు. రాయగడ జిల్లాలో టికిరి దగ్గరి ఉత్కళ అల్యూమినా కర్మాగారంలోనూ ఇదే పని. ఆ పొడి ముఖ్యంగా అల్యూమినియం లోహం కావడానికి పోతుంది. కొంత విశాఖ రేవుకు చేరి ఓడలెక్కుతుంది. కోరాపుట్ రోగి ఎక్కే రైలుదారినే ఆ పొడీ దిగుతుందన్నమాట.

అయితే, దమన్‌జోడి పొడినే పిడికెడు తీసి తుంటిలో పెట్టుతారని ఎవరూ అనుకోగూడదు. వైద్యానికి వాడేది నూటికి 99.5 పాళ్లకు పైబడిన స్వచ్ఛతగల, అతి మెత్తని పొడి. దాన్ని అచ్చులో నొక్కి, 1,500 డిగ్రీలకు పైబడిన వేడిలో కాల్చి, అద్దంకన్న నున్నగా సానపట్టుతారు. పదార్థం మాత్రం అదే. కెంపు, నీలం అని మనం వుంగరాల్లో పొదిగించుకునే రాళ్లు కూడా అల్యూమినాయే, రంగు వేరు. అంత గట్టిది కనుకనే దానిమీద గీత పడడం కష్టం.

1970లో ఫ్రాన్సు దేశంలో పో అనే పట్టణంలో పియెర్ బూటాఁ అనే శస్త్రవైద్యుడు అల్యూమినా బంతిని, అల్యూమినా గిన్నెను తుంటికి మొదటిసారిగా అమర్చినాడు. అంతకుముందు 1962 నుంచి ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ లోహపు బంతిని ప్లాస్టిక్ గిన్నెలో తిరిగేటట్టు అమర్చి ఎందరినో నడిపించినాడు. కాని ఏండ్లు గడిచినకొద్దీ ఆ ప్లాస్టిక్ అరిగి, కంటికి కనబడని రజను రాలింది. శరీరంలోని కాపలా కణాలు ఆ రజనును మింగి అరిగించుకోలేక, ఎముకను కరిగించే కణాలకు కబురు పెట్టినవి. శత్రువు కోసం వచ్చిన తవ్వేవారు సొంత గోడను తవ్విపోసినారు. కీలు వదులైపోయింది. పింగాణీ మీద పింగాణీ తిరిగితే ఈ రజను బహు తక్కువ. ప్లాస్టిక్ గిన్నెలో పింగాణీ బంతి తిరిగినా మేలే. అందుకే వయసులో వున్నవారికి, ఇంకా చాలాకాలం నడవవలసినవారికి, డాక్టర్లు పింగాణీ బంతిని తలపెట్టుతారు.

మరి పగలదా? పూర్వం పగిలిన సందర్భాలు లేకపోలేదు. ఇప్పుడు అల్యూమినాలో జిర్కోనియా అనే మరో పింగాణీ కలిపి చేస్తున్న బంతులు చాలా అరుదుగా పగులుతున్నవి. పింగాణీమీద పింగాణీ అయితే కొందరికి నడకలో కిర్రుమని చప్పుడు రావడం కద్దు. ఖరీదూ ఎక్కువే. డెబ్బై యెనభై యేండ్ల వయసులో, ఇంట్లో నాలుగడుగులు వేస్తే చాలుననుకునేవారికి పింగాణీ లేకపోతే లోటేమీ లేకపోవచ్చును. ఈ నిర్ణయం డబ్బును బట్టిగాక రోగిని బట్టి జరగాలి.

బస్సులో పుట్టిన ప్రశ్న

అల్యూమినా బంతి ఎముకకు అంటదు, అంటనక్కరలేదు. అది జారితే చాలును. కాని ఎముకను పట్టుకొని కూర్చోవలసిన భాగాల సంగతి వేరు. వాటిని ఒళ్లు పరాయి వస్తువుగా చూసి, చుట్టూ పీచుపొర అల్లి, వెలివేసినట్టు వుంచుతుంది.

1967లో అమెరికాలో లారీ హెంచ్ అనే గాజు శాస్త్రజ్ఞుడు ఒక సభకు బస్సులో పోతూవుండగా, పక్క సీటులో వియత్నాం యుద్ధంనుంచి తిరిగివచ్చిన ఒక సైనికాధికారి కూర్చున్నాడు. హెంచ్ తన పరిశోధన గురించి ఉత్సాహంగా చెబితే ఆయన విని, మనిషి ఒళ్లు వెలివేయని పదార్థం ఒకటి చేయగలరా అని అడిగినాడు. కాళ్లూ చేతులూ పోగొట్టుకున్న జవానులను చూసివచ్చిన మనిషి అడిగిన ప్రశ్న అది. హెంచ్ ఆలోచన సులువైనది. ఎముకలో వున్నది కాల్షియమూ భాస్వరమూ కనుక, వాటిని ఇవ్వగల గాజు చేద్దామన్నాడు. 1969లో అది తయారైంది. నూటికి 45 పాళ్లు సిలికా, 24.5 పాళ్లు చొప్పున సోడా, సున్నం, 6 పాళ్లు భాస్వరపు ఆక్సైడు. ఎలుక ఎముకలో పెట్టిచూస్తే తిరిగి పీకడానికి రాలేదు. గాజుపైన ఎముక ఖనిజంవంటి పొర ఏర్పడి, కట్టే కణాలు దాన్ని తమ గోడ అనుకొని కట్టుబడి సాగించినవి.

తరవాత ఎముక ఖనిజాన్నే కర్మాగారంలో చేసి వాడడం వచ్చింది. 1985 ప్రాంతంలో లండన్‌లో ఫర్లాంగ్ అనే వైద్యుడు తుంటి కాడకు హైడ్రాక్సీఅపటైట్ పూత పూసి అమర్చినాడు. మన దేశంలో కోల్‌కతాలోని కేంద్రీయ గాజు, సిరామిక్ పరిశోధనాలయమూ, తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థా ఈ రకపు పదార్థాలమీద ఏండ్లుగా పనిచేస్తున్నవి.

ఇలా పింగాణీలో రెండు జాతులున్నవి. ఒకటి జాడీవంటిది, ఎవరితోనూ కలవదు. రెండోది సున్నంవంటిది, ఎముకతో కలిసిపోతుంది. దేనిపని దానిదే.

తుండుగుడ్డ పందెం

ఇప్పుడు అసలు చిక్కు. ఎముక కణం ఇష్టపడే చోటును సూక్ష్మక్రిమి కూడా ఇష్టపడుతుంది.

రద్దీ రోజున విశాఖ రైలు రాయగడ స్టేషనులో ఆగినప్పుడు ఏమవుతుందో మనకు తెలుసును. కిటికీలోంచి తుండుగుడ్డ విసిరి సీటు పట్టేవాడిదే సీటు. ఒంట్లో పెట్టిన వస్తువుమీద కూడా అచ్చంగా ఇదే పందెం. 1987లో గ్రిస్టినా అనే అమెరికన్ వైద్యుడు దీనిని ఉపరితలం కోసం జరిగే పరుగుపందెమని వర్ణించినాడు. కట్టే కణాలు ముందు చేరి స్థలమంతా పరచుకుంటే క్రిమికి చోటు లేదు. క్రిమి ముందు చేరిందా, ఎముక ఇక దగ్గరకు రాదు.

పందెంలో ఇద్దరూ సమానులు కారు. ఎముక కణం మిల్లీమీటరులో సుమారు నలభైయవ వంతు వుంటుంది. క్రిమి మిల్లీమీటరులో వెయ్యోవంతు. అనుకూలం దొరికితే క్రిమి అరగంటకే రెండవుతుంది. ఎముక కణానికి ఒక రోజైనా పట్టుతుంది. వస్తువును ఒంట్లో పెట్టిన క్షణాల్లోనే రక్తంలోని మాంసకృత్తులు దానిమీద పొరగా అంటుకుంటాయి. ఎముక కణం ఆ పొరను చేతులతో పట్టుకున్నట్టు పట్టుకొని నిలుస్తుంది. పచ్చచీము పట్టించే స్టెఫైలోకాకస్ అనే క్రిమి కూడా ఆ తాడునే పట్టుకుంటుంది. ఎముక పట్టు దొరకాలని వస్తువును గరుకుగా, రంధ్రాలతో చేస్తారు. ఎముక లోపలికి పెరగాలంటే ఆ రంధ్రం మిల్లీమీటరులో పదోవంతు అయినా వుండాలి. ఆ రంధ్రమే క్రిమికి గుహ.

చోటు దొరికిన క్రిములు చుట్టూ జిగురుపొర అల్లుకొని కోట కట్టుకుంటాయి. దానికి బయోఫిల్మ్ అని పేరు. కడగని పళ్లమీద తెల్లవారేసరికి పేరుకునే పాచి కూడా ఈ జాతిదే. కోటలోని క్రిమిని చంపడానికి విడిగా తిరిగే క్రిమికి వేసే మందుకు వందల రెట్లు కావలసి రావచ్చును. అంత మందు మనిషి తట్టుకోలేడు. పైగా ఈ స్టెఫైలోకాకస్ కట్టే కణంలోపలే దూరి దాక్కోగలదు. ఇంటిదొంగను ఈశ్వరుడు కూడా పట్టలేడన్న సామెత ఇక్కడ సరిగ్గా సరిపోతుంది.

పరాయి వస్తువు ఒంట్లో వుంటే ఎంత తక్కువ క్రిములు చాలునో 1957లో ఎలెక్, కోనెన్ అనే ఇద్దరు ఇంగ్లండులో మనుషులమీదనే పరీక్షించి చూసినారు. ఉత్త చర్మంలో చీము పట్టడానికి లక్షల క్రిములు కావలసి వచ్చినవి. ఒక్క పట్టుదారం కుట్టు వుంటే సుమారు వంద చాలినవి. దారం పోగుకే ఇలాగైతే తుంటికీలు మాట చెప్పనక్కరలేదు.

పింగాణీ క్రిమిని చంపగలదా?

శాస్త్రజ్ఞులు ఈ పందెంలో ఎముక పక్షాన నిలబడే పదార్థాలకోసం వెతుకుతున్నారు. కొన్ని దొరికినవి.

హెంచ్ గాజుకు తమ్ముడివంటి గాజు ఫిన్లండు దేశంలో తయారైంది. దాని పేరు ఎస్ 53 పి 4. ఎముకలో చీముపట్టి, కుళ్లిన భాగం తీసేసిన తరవాత మిగిలిన గుంటలో ఈ గాజు పలుకులు నింపుతారు. అవి కరుగుతూ చుట్టూ వున్న నీటిని క్షారంగా, ఉప్పగా మార్చుతాయి. ఆ క్షారానికి క్రిమి తట్టుకోలేదు. ఎముకకు మాత్రం ఆ పలుకులే మెట్లు. ఉప్పు ఎక్కువైన ఊరగాయలో బూజు నిలవలేదని మన ఆడవారికి తెలిసిన శాస్త్రమే ఇది.

రెండోది సిలికాన్ నైట్రైడ్ అనే పింగాణీ. వెన్నుపూసల మధ్య అమర్చడానికి అమెరికాలో వాడుకలోకి వచ్చింది. తడి తగిలితే దాని పైపొరనుంచి సిలికాన్, నత్రజని అతి కొద్దిగా విడుదలవుతాయి. సిలికాన్ కట్టే కణాలకు పనికివస్తుంది. నత్రజని సమ్మేళనాలు క్రిమికి కిట్టవు. 2012లో ప్రకటించిన ఒక పరిశోధనలో ఎలుకల పుర్రె ఎముకలో దీనిని పెట్టి, కావాలనే క్రిములను చేర్చి చూసినారు. టైటానియం చుట్టూకన్నా దీని చుట్టూ ఎముక ఎక్కువగా, క్రిములు తక్కువగా కనిపించినవి. ఎలుకమీద నెగ్గినది మనిషిలో పాతికేండ్లు నెగ్గినట్టు కాదు గనుక, దీన్ని ఆశగానే చెప్పుతున్నాము గాని అభయంగా కాదు.

ఇక నున్నటి జిర్కోనియామీద టైటానియంమీదకన్న పంటిపాచి తక్కువ పట్టుతుందని కొన్ని పరీక్షల్లో తేలింది. పింగాణీ తుంటిబంతి వేసినవారిలో క్రిమిదోషం కాస్త తక్కువని కొన్ని దేశాల లెక్కల్లో కనిపించింది. అన్ని లెక్కలూ ఒకమాటమీద లేవు. హైడ్రాక్సీఅపటైట్‌కు తనంతట తానుగా క్రిమిని చంపే గుణం లేదు. ఎముక త్వరగా వచ్చి సీటు పట్టుకోవడానికి సాయపడటమే దాని బలం. సారాంశమేమంటే, ఏ పింగాణీ కూడా తడిచేతిని క్షమించదు.

మన ఇళ్లలో చేయవలసినవి

మన ప్రాంతానికి ఇందులో ప్రత్యేకమైన సంగతి ఒకటున్నది. కోరాపుట్, రాయగడ జిల్లాల్లో సికిల్ సెల్ అనే రక్తవ్యాధి వున్నది. 2023లో భారత ప్రభుత్వం దీని నిర్మూలనకు దేశవ్యాప్తంగా పని ప్రారంభించింది. ఇందులో ఎర్రకణాలు కొడవలిలాగా వంగి, సన్నటి రక్తనాళాలకు అడ్డుపడతాయి. తుంటి బంతికి రక్తం అందక అక్కడి కణాలు చనిపోయి, ఇరవై ముప్ఫై యేండ్ల పిల్లలకే ఎముక కుంగిపోవచ్చును. అలాంటి వారికి కీలు మార్చితే ఇంకా ఎన్నో ఏండ్లు నిలవాలి కనుక పింగాణీ బంతి మాట వస్తుంది. క్రిమిదోషం భయమూ వారికి హెచ్చే. నడివయసు రాని మనిషి తుంటినొప్పి అంటే వాతమని కాపడాలతో కాలం వెళ్లబుచ్చక, రక్తపరీక్ష చేయించాలి. కోరాపుట్‌లో 2017లో శహీద్ లక్ష్మణ్ నాయక్ పేర వైద్యకళాశాల వచ్చింది. మొదటి పరీక్షకు విశాఖదాకా పోవలసిన పని లేదు.

కీళ్లమార్పిడిలో క్రిమిదోషం నూటికి ఒకరికో ఇద్దరికో వస్తుంది. ఆ ఒక్కరు మన ఇంటివారు కాకుండా చేయగలిగినది చాలా వున్నది. ఆపరేషనుకు ముందే పుచ్చుపళ్లూ, కాలిపుళ్లూ, చర్మపు కురుపులూ నయం చేయించాలి. చక్కెరవ్యాధి వుంటే మూడునెలల సగటు పరీక్ష చేయించి, అదుపులోకి తెచ్చుకున్నాకే వెళ్లాలి. చుట్ట, బీడీ, గుడాఖు మానాలి. మన పెద్దమ్మలు కొందరు అడ్డచుట్ట మానమంటే అలుగుతారు, అయినా మాన్పించాలి. పొగాకు రక్తనాళాలను ముడుచుకునేట్టు చేసి, కట్టే కణాలను వెనకబడేస్తుంది.

ఆపరేషను తరవాత గాయంమీద పసరూ, పసుపూ, నూనే వేయరాదు. చూడవచ్చిన చుట్టాలు కట్టు విప్పి చూడరాదు. గాయం ఎండకుండా రోజుల తరబడి తడి వూరుతూ వుంటే, ఎర్రబడితే, జ్వరం తగిలితే, దుకాణంలో మాత్రలు కొని మింగించరాదు. ఆ మాత్రలు పైమంట ఆర్పి, కోటలోని క్రిమిని కాపాడుతాయి. ఏ క్రిమో తేల్చే పరీక్షను కూడా చెడగొట్టుతాయి. ఆపరేషను చేసిన వైద్యుడి దగ్గరకే వెంటనే తీసుకొని పోవాలి. మొదటి కొద్దివారాల్లో శుభ్రం చేస్తే కీలు దక్కే అవకాశం వున్నది. నెలలు జాగుచేస్తే ఆ కీలు తీసేసి, క్రిమి చచ్చిందాకా మందులు వాడి, మరో కీలు వేయవలసి రావచ్చును. రోగానికి రెండు ఆపరేషనులు, ఇంటికి రెండు అప్పులు. రైలు దూరమని, పొలంపని వున్నదని, పెళ్లి దగ్గరపడిందని వాయిదా వేయకండి.

చివరకు ఒక చిన్న కాగితం. కీలు ఏ పదార్థంతో చేసినదో, ఎంత కొలతో, ఏ తేదీన వేసినారో ఆస్పత్రివారు రాసియిచ్చే చీటీని ఇంటి దస్తావేజులతోపాటు దాచుకోవాలి. ఎప్పుడైనా పింగాణీ బంతి పగిలితే దాని స్థానంలో లోహపు బంతి వేయరాదు. మిగిలిన పలుకులు లోహాన్ని సానరాయిలాగా అరగదీస్తాయి. ఆ సంగతి కొత్తవైద్యుడికి తెలియాలంటే చీటీయే ఆధారం.

అమ్మమ్మ జాడీలోని ఆవకాయ ఏడాది నిలిచిందంటే పింగాణీ గొప్ప సగమే. మిగతా సగం ఆమె పొడిచెయ్యి, ఆమె పొడిగరిటె, ఎవరినీ మడిగుడ్డ విప్పనివ్వని ఆమె కోపం. ఎముకలో పెట్టిన పింగాణీకి కూడా ఇంట్లో అటువంటి మనిషి ఒకరు కావాలి.